అడవి ఉత్తరాలు: అమెరికా జింక వేట, మన కొండ మీది దుప్పి

(శేషాచలం అడవుల్లో రేంజి ఆఫీసరుగా పనిచేసి రిటైరై, తిరుపతిలో స్థిరపడిన మా వ్యాసకర్త పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు.)

నవంబరులో నాకు వచ్చే ఉత్తరాలు ఎక్కువగా అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులవి. అక్కడ అది జింకల వేట సీజను. పిల్లలు పంపిన ఫోటోలు చూసి ఇక్కడ పెద్దవాళ్ళు కంగారు పడతారు. మా అమ్మాయి కాపురం కూడా పెన్సిల్వేనియాలోనే. అక్కడ ఉన్నన్నాళ్ళు నేను ఎక్కువగా తిరిగింది అడవుల్లోనే కాబట్టి, ఈ నెల ఆ ఉత్తరాలకే చోటిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి పెన్సిల్వేనియాలో హెచ్‌1బి మీద ఉద్యోగం చేస్తున్నాడు. తోటి ఉద్యోగి ఈసారి జింకల వేటకి రమ్మన్నాడంట, వీడు సరేనన్నాడంట. జింకని చంపితే ఇక్కడ జైలు కదండీ, అక్కడ ఎట్లా ఒప్పుకుంటారు? నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. వాడికి ఏం చెప్పమంటారు?
(ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి)

జవాబు: అమ్మా, అక్కడ అది చాటుగా చేసే పని కాదు. ముందు ఆ భయం వదిలిపెట్టండి. వైట్‌టెయిల్ అనే ఆ తెల్లతోక జింకని పెన్సిల్వేనియా 1959లో తన రాష్ట్ర జంతువుగా ప్రకటించుకుంది. అదే రాష్ట్రం ఏటా దాన్ని వేటాడడానికి లైసెన్సులు ఇస్తుంది. ఈ రెండూ ఒక దగ్గర ఎట్లా పొసుగుతాయో అర్థం కావాలంటే, ఆ అడవిలో జింకని తినేవాళ్ళు ఎవరున్నారని అడగాలి. నేను ఏ అడవికి పోయినా మొదట అడిగే ప్రశ్న అదే.

మన శేషాచలంలో చిరుతలున్నాయి, రేసుకుక్కలున్నాయి. పిల్లల్ని పట్టడానికి కొండచిలువలు, నక్కలు ఉండనే ఉన్నాయి. పెన్సిల్వేనియాలో తోడేళ్ళూ, కొండసింహాలనే పెద్ద పిల్లులూ పంతొమ్మిదో శతాబ్దం ముగిసేలోపే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ రోజుల్లో జింకలకీ అదే గతి పట్టబోయింది. మాంసం, తోలు అమ్ముకునేవాళ్ళు అడ్డూ అదుపూ లేకుండా కాల్చి రైళ్ళలో పట్నాలకి పంపేవాళ్ళు. 1900 నాటికి దేశం మొత్తం మీద మిగిలిన తెల్లతోక జింకలు ఐదు లక్షలు కూడా ఉండవని అంచనా. దొంగతనంగా కొట్టిన జంతువుల్ని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తరలించడాన్ని నిషేధించిన లేసీ చట్టం ఆ ఏడే వచ్చింది. అడవి జింక మాంసం అమ్మడం అక్కడ ఈనాటికీ నేరమే. హోటల్లో వడ్డించేది ఫారాల్లో పెంచిన జింక. వేటాడినవాడు వండుకుని తినొచ్చు, చుట్టాలకి పంచొచ్చు, పేదల అన్నదాన కేంద్రాలకి ఇవ్వొచ్చు, రూపాయికి అమ్మడానికి మాత్రం లేదు.

పెన్సిల్వేనియా 1895లోనే వేట జంతువుల వ్యవహారాలు చూసే గేమ్ కమిషన్ పెట్టుకుంది. వేరే రాష్ట్రాల నుంచి జింకల్ని తెచ్చి అడవుల్లో వదిలారు. 1907లో ఆడజింకని ఎవరూ కాల్చకూడదని చట్టం చేశారు. చట్టం బాగానే పనిచేసింది, పనిచెయ్యాల్సిన దానికన్నా ఎక్కువగానే. మేత బాగుంటే ఆడజింక ఏటా కవలల్ని ఈనుతుంది. మగవాటిని ఎన్ని కాల్చినా మిగిలిన కొద్ది మగవే మందంతటికీ సరిపోతాయి, కాబట్టి మంద పెరగడం ఆగదు. తినే మృగమా లేదు, ఆడవాటికి తుపాకి భయం లేదు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అడవి మేత చాలక చలికాలంలో జింకలు ఆకలితో చచ్చిపోయాయి. ఆడజింకలకి కూడా లెక్క ప్రకారం లైసెన్సు ఇవ్వడం ఆ తర్వాత నేర్చుకున్నారు. ఇవాళ దేశంలో తెల్లతోక జింకలు దాదాపు 3 కోట్లని చెప్తారు.

ఎక్కువైతే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. మా అమ్మాయి ఇంటికి కొద్ది దూరంలో ఒక ప్రభుత్వ అడవి ఉంది. అందులో కొంత మేర జింకలు దూరకుండా ఎత్తుగా కంచె వేశారు. కంచె లోపల ఓక్ మొలకలు, మేపిల్ మొలకలు, రకరకాల పూలమొక్కలు కాలు పెట్టడానికి సందివ్వకుండా లేచి ఉన్నాయి. కంచె బయట అదే నేల, అదే వాన. అక్కడ ఫెర్న్ తప్ప ఏమీ లేదు, ఎందుకంటే జింకలు ఫెర్న్ ముట్టవు. చెట్ల కొమ్మలకి మనిషి ఛాతీ ఎత్తు దాకా ఆకు లేదు, మూతి అందినంత వరకూ కొరికేశాయి. పైన పెద్ద చెట్లు పచ్చగానే కనపడతాయి, కింద వాటి తర్వాత నిలబడే తరం లేదు. నలభై ఏళ్ళు అడవిని చూసినవాడికి అంతకన్నా గుండె బరువెక్కించే దృశ్యం ఉండదు. వేట అంటే నాకు ఇష్టం ఉండి చెప్పడం లేదమ్మా. అక్కడ తోడేలు చేసే పనిని ఇప్పుడు మనిషి చేస్తున్నాడు. చెయ్యకపోతే అడవే పోతుంది.

ఇక పద్ధతి. మొదటిసారి వేటకి పోయేవాడు ముందు భద్రత క్లాసులో చేరి పరీక్ష పాసవ్వాలి, ఆ తర్వాతే లైసెన్సు. పెన్సిల్వేనియాలో రైఫిల్ సీజను థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి శనివారం మొదలవుతుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా మాత్రమే కాల్చాలి, రాత్రి లైటు వేసి కాల్చడం నేరం. తలకీ ఛాతీకీ వీపుకీ కళ్ళు చెదిరే నారింజరంగు బట్ట తప్పనిసరి. జింక కంటికి ఎరుపు, నారింజ రంగులు సరిగా ఆనవు, కాబట్టి ఆ బట్ట మనిషిని సాటి వేటగాడికి చూపిస్తుంది గానీ జింకకి పట్టివ్వదు. మగజింక అయితే చాలా ప్రాంతాల్లో కొమ్ముకి ఒక పక్క కనీసం మూడు మొనలు ఉండాలి. లేత మగవి పెద్దవయ్యేదాకా బతకాలని ఆ నియమం.

మా అమ్మాయి పక్కింటాయన లారీ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన జింకని కాల్చాక నన్ను పిలిచాడు. చెవికి ట్యాగు కట్టేదాకా దాన్ని అంగుళం కూడా కదపలేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. చేతి తొడుగు పళ్ళతో లాగి, మోకాలి మీద కాగితం పెట్టుకుని, బాల్‌పెన్నులో సిరా గడ్డకడితే నోటి ఆవిరితో వెచ్చబెట్టి, తేదీ, గంట, చోటు రాశాడు. చెవికి చిన్న గాటు పెట్టి దారం దూర్చి ముడేశాడు. చుట్టూ మైలు దూరంలో చూసేవాడు ఎవడూ లేడు. ఇంటికొచ్చాక కమిషన్‌కి రిపోర్టు కూడా పంపాడు. పది రోజుల్లోపు పంపాలని రూలు. వచ్చే ఏడాది ఏ ప్రాంతంలో ఎన్ని లైసెన్సులు ఇవ్వాలో తేల్చడానికి ఆ రిపోర్టులే ఆధారం.

మీ అబ్బాయికి నేరుగా మూడు మాటలు. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర పెట్టుకోకూడదని అక్కడి కేంద్ర చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. లైసెన్సు చేతికి రాకుండా స్నేహితుడి తుపాకి సరదాకైనా పట్టుకోవద్దనండి. ముందుగా ఇమ్మిగ్రేషన్ లాయరుని ఒకసారి అడగమనండి. చెట్టు మీద కట్టిన మంచె ఎక్కితే ఒంటినంతా పట్టి ఉంచే భద్రతా పట్టీ (హార్నెస్) లేకుండా ఎక్కొద్దనండి, అక్కడ వేటగాళ్ళకి తగిలే పెద్ద దెబ్బల్లో చాలా భాగం మంచె మీద నుంచి పడ్డవే. తుపాకి పట్టకుండా నారింజ చొక్కా వేసుకుని స్నేహితుడి వెంట చూడ్డానికి పోవచ్చు. మొదటి ఏడాదికి నేనైతే అదే చెప్తాను.

ప్రశ్న: సార్, నాది పలమనేరు పక్క పల్లె. చెనిక్కాయ వేసినాను, బావి కింద టమోటా. రాత్రయితే పందులు పడి పీకి పారేస్తా ఉండాయి. ఒక్కోతూరి ఏనుగులు దిగతాయి. అమెరికాలో జింకల్ని కాల్చుకునేదానికి గవర్నమెంటే లైసెన్సు ఇస్తాదంట, టీవీలో చూపించినారు. మాకెందుకు ఇయ్యరు? రైతు పానం లెక్కలేదా?
(ఒక రైతు, పలమనేరు)

జవాబు: అన్నా, నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్న. రాత్రంతా పంట కాపలా కాసి తెల్లారి సేద్యం చేసేవాడి బాధ నాకు తెలుసు. కౌండిన్య అడవికి 1980ల్లో ఏనుగులు తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి వచ్చి నిలిచిపోయిన కాలం నుంచీ మీ ఊళ్ళు పడుతున్న అవస్థ నేను చూస్తూనే ఉన్నాను.

మనకీ ఒకప్పుడు షికారు లైసెన్సులు ఉండేవి. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని కట్టడి చేసింది, 1991లో ఆ చట్టాన్ని సవరించాక పూర్తిగా పోయాయి. అయితే పందుల విషయంలో ఆ చట్టం దారి మొత్తం మూసెయ్యలేదు. పంటకి నష్టం చేస్తున్న అడవిపందిని కొట్టడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన ఆఫీసరు గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు, సెక్షను 11 అదే చెప్తుంది. ఏనుగుకి ఇది వర్తించదు. నష్టం జరిగిన రోజే ఫోటోలు తీసి, సర్వే నంబరుతో అర్జీ రాసి, రేంజి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకో. పది మంది రైతులు కలిసి ఇస్తే బలం. రసీదు లేని అర్జీని నమ్ముకోవద్దు.

నువ్వు టీవీలో చూసిన జింకకీ నీ చేలో పడే పందికీ తేడా ఉంది. జింక ఒక్కోటిగానో చిన్న గుంపుగానో తిరుగుతుంది, కాల్చినకొద్దీ లెక్క తగ్గుతుంది. పంది అట్లా కాదు. టెక్సాస్‌లో పందుల బాధ నీకన్నా ఎక్కువ. అవి పూర్వం మనుషులు తెచ్చి వదిలిన పందుల సంతతి. వాటిని కాల్చడానికి సీజను లేదు, ఇన్నే అని లెక్క లేదు. 2011లో హెలికాప్టర్ మీద నుంచి కాల్చుకోవడానికి కూడా చట్టం ఒప్పుకుంది. అయినా పందులు తగ్గలేదు. ఒకదాన్ని కాలిస్తే గుంపు చెదిరి నాలుగు చేలల్లో పడుతుంది, ఆడపంది ఒక్క ఈతకే ఐదారు పిల్లల్ని వేస్తుంది. అక్కడ కాస్త ఫలితమిచ్చింది పెద్ద ఇనప కంచె బోను. రోజూ మక్కజొన్న వేసి గుంపంతా లోపలికి అలవాటు పడేదాకా ఆగి, ఒక్కసారిగా గేటు మూసేస్తారు. తల్లీ పిల్లా అంతా ఒకేసారి దొరకాలి. పది మంది రైతులు కలిసి అర్జీ పెట్టేటప్పుడు, అటవీశాఖ వాళ్ళే ఇట్లాంటి బోను పెట్టాలని కూడా అందులో రాయండి. తుపాకి అనుమతి కన్నా అది మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఇంకో సంగతి. వాళ్ళ తుపాకి వెనక పెద్ద ఏర్పాటే ఉంది. 1937లో చేసిన చట్టం ప్రకారం రైఫిల్ మీదా తూటాల మీదా 11 శాతం పన్ను వసూలు చేసి, రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకే పంచుతారు. ఆ డబ్బుతో అడవులు కొంటారు, జింకల లెక్క తీస్తారు. ఎన్ని ఉన్నాయో తెలుసు కాబట్టి ఎన్ని కాల్చొచ్చో చెప్పగలరు. మన దగ్గర ఆ లెక్కా లేదు, ఆ సిబ్బందీ లేదు. పైగా జింకని తినే చిరుత, రేసుకుక్క మనకి ఇంకా మిగిలే ఉన్నాయి. అడవిలో దుప్పులు తగ్గితే ఆ చిరుత నీ కొట్టంలోని దూడ మీద పడుతుంది.

నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను, కరెంటు తీగ మాత్రం వెయ్యొద్దు. పందికని వేసిన తీగకి ఏనుగు చచ్చిపోతుంది, నీళ్ళు కట్టడానికి పోయిన పక్క రైతూ చచ్చిపోతాడు. ఉచ్చు కూడా అంతే, అది పందీ చిరుతా అని చూడదు.

ప్రశ్న: మన దుప్పి కొమ్ములు ఏ నెలలో అయినా కనిపిస్తాయి. అమెరికా జింకకి మాత్రం అన్నీ ఒకేసారి రాలతాయని క్లాసులో చెప్పారు. కారణం వివరిస్తారా?
(పశువైద్య విద్యార్థి, తిరుపతి)

జవాబు: బాబూ, కారణం పగటి పొడవు. పెన్సిల్వేనియాలో వేసవి పగటికీ చలికాలపు పగటికీ దాదాపు ఆరు గంటల తేడా. మన తిరుపతిలో ఆ తేడా గంటన్నర. పగలు తగ్గేకొద్దీ తెల్లతోక జింక ఒంట్లో హార్మోన్లు మారతాయి. వసంతంలో మొలిచిన కొమ్ము వేసవంతా నూగు చర్మం కింద పెరుగుతుంది, సెప్టెంబరుకి గట్టిపడి చర్మం ఊడిపోతుంది. నవంబరులో ఎద. చలికాలంలో కొమ్ము రాలిపోతుంది. ఆడది ఆరున్నర నెలలు మోసి మే, జూన్ నెలల్లో ఈనుతుంది, అప్పుడే లేత గడ్డి వస్తుంది. అటూ ఇటూ అయితే పిల్ల మంచులో చస్తుంది. మన దుప్పికి మంచు భయం లేదు కాబట్టి ఏడాది పొడుగునా ఎదకొస్తుంది, ఏ మగదాని కొమ్ము దాని లెక్కన రాలుతుంది. ఒకే మందలో గట్టి కొమ్ముల మగది, నూగు కొమ్ముల మగది, బోడి తల మగది పక్కపక్కనే మేస్తూ కనిపించేది అందుకే.

తెల్లతోక జింక పిల్లకి కూడా తెల్ల చుక్కలుంటాయి, మూడు నాలుగు నెలల్లో పోతాయి. మన దుప్పికి చచ్చేదాకా పోవు. కృష్ణజింకది వేరే లెక్క. దానిది ఎముక మీద గట్టి తొడుగు ఉన్న కొమ్ము, మేక కొమ్ము జాతిది, ఎప్పటికీ రాలదు. రాలిన దుప్పి కొమ్ము అడవిలో దొరికితే అక్కడే వదిలెయ్. అనుమతి లేకుండా ఇంటికి తెచ్చుకోవడం మన చట్టం ఒప్పుకోదు. ముళ్ళపంది వచ్చి సున్నం కోసం దాన్ని కొరుక్కుని తింటుంది, పంటి గాట్లు పడ్డ కొమ్ములు నేను చాలా చూశాను.

ప్రశ్న: న్యూజెర్సీలో కోడలి పురిటికి వెళ్తున్నాను. పెరట్లోకి జింకలు వస్తాయి, గడ్డిలో తిరగొద్దు అంటోంది. ఎందుకు?
(ఒక నానమ్మ, చిత్తూరు)

జవాబు: మీ కోడలు చెప్పింది నిజం. ఆ ప్రాంతంలో జింకల మీద బతికే ఒక రకం పిడుదు వల్ల లైమ్ అనే జబ్బు వస్తుంది. జబ్బు పిడుదుకి అంటేది ఎక్కువగా ఎలుకల నుంచి, కానీ పెద్ద పిడుదులకి రక్తం పెట్టి వాటి సంతతిని పెంచేది జింక. కుట్టేది చాలాసార్లు పిల్ల పిడుదు, గసగసాల గింజంత ఉంటుంది. గడ్డిలోకి పోతే కాళ్ళు కప్పే బట్ట వేసుకోండి. లోపలికి రాగానే మోకాళ్ళ వెనక, చంకలు, జుట్టు వెతుక్కోండి. అంటుకుని ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగెయ్యండి. కిరసనాయిలు, సున్నం లాంటివి పుయ్యొద్దు. ఒక రోజు లోపే తీసేస్తే జబ్బు అంటడం అరుదు. తర్వాతి వారాల్లో చర్మం మీద ఎర్రగా వలయంలా పాకినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకి చూపించండి, మందుంది.

అబ్బాయికి ఇంకో మాట చెప్పండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పొద్దున, సాయంత్రం కారు నెమ్మదిగా నడపమనండి. ఒక జింక దాటితే వెనక ఇంకోటి ఉంటుంది. అడ్డం వస్తే బ్రేకు వెయ్యాలి గానీ స్టీరింగు తిప్పి చెట్టుకి కొట్టుకోకూడదు.

ప్రశ్న: అలిపిరి మెట్ల దారిలో చిన్నప్పటి నుంచీ జింకలకి క్యారెట్లు పెట్టేవాళ్ళం. ఇప్పుడు వద్దంటున్నారు. మూగజీవానికి తిండి పెడితే పుణ్యమే కదా?
(ఒక భక్తురాలు, రేణిగుంట)

జవాబు: తల్లీ, మీ మనసు మంచిది. అందుకే గట్టిగా చెప్తున్నాను, పెట్టొద్దు. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత ఒక చిన్నపాపని చంపింది. తర్వాత భక్తుల చేతికి కర్రలిచ్చి గుంపులుగా పంపాల్సి వచ్చింది. తిండి దొరికే చోట దుప్పులు గుంపుగా నిలబడతాయి. దుప్పులు నిలబడే చోటికి చిరుత రాకుండా ఎట్లా ఉంటుంది? అక్కడే పసిపిల్లలు కూడా నడుస్తున్నారు.

జింకకీ అది మేలు కాదు. దాని కడుపు నెమరు వేసే కడుపు, ఆకు అలమకి అలవాటు పడ్డది. అమెరికాలో గడ్డకట్టే చలిలో జాలిపడి మక్కజొన్న కుప్పలు పోస్తే, ఒక్కసారిగా తిని కడుపు పులిసి, పొట్ట నిండుగా ఉండగానే చచ్చిన జింకలెన్నో. దానికితోడు 1967లో కొలరాడోలో మొదటిసారి కనిపెట్టిన ఒక జబ్బు ఇప్పుడు చాలా రాష్ట్రాలకి పాకింది, పెన్సిల్వేనియాకి 2012లో వచ్చింది. మెదడు పాడై, జింక చిక్కి శల్యమై చస్తుంది. మందు లేదు. చొల్లులో, మూత్రంలో, పేడలో వస్తుంది, నేలలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. నాలుగు జింకలు ఒకే కుప్పలో మూతి పెడితే చాలు. ఆ జబ్బు ఉన్న ప్రాంతాల్లో జింకలకి తిండి పెట్టడాన్నే నిషేధించారు, అక్కడ కాల్చిన జింకని పరీక్ష చేయించి తినమంటారు. మన దుప్పులకి ఆ జబ్బు లేదు. కానీ గుంపు చేరితే పాకే రోగాలు మనకీ ఉన్నాయి. పుణ్యం కావాలంటే మెట్ల దారిలో కనిపించిన ప్లాస్టిక్ సంచి ఏరి చెత్తబుట్టలో వెయ్యండి. ఉప్పు వాసనకి దుప్పి దాన్ని మింగుతుంది, పేగుల్లో చుట్టుకుని నెలల తరబడి నరకం అనుభవించి చస్తుంది. అట్లా చచ్చినదాని కడుపు కోసినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

ప్రశ్న: టెక్సాస్‌లో మన చుక్కల దుప్పులు చూశానని మా తమ్ముడు అంటాడు. నమ్మొచ్చా?
(ఒక పాఠకుడు, మదనపల్లె)

జవాబు: నమ్మొచ్చు. 1930ల్లో అక్కడి పెద్ద పశువుల ఫారాల వాళ్ళు తెప్పించుకున్నారు, కంచెలు దాటి బయటపడి ఇప్పుడు స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. అంతకన్నా ముందే, 1868లో, హవాయిలోని మొలొకాయ్ దీవిలో వదిలారు. అక్కడ వాటిని తినే పులీ లేదు, రేసుకుక్కా లేదు. టెక్సాస్‌లోని తెల్లతోక జింక ఎక్కువగా ఆకూ చిగురూ తింటుంది, మన దుప్పి గడ్డీ తింటుంది, ఆకూ తింటుంది. కరువొచ్చి ఆకు అయిపోతే ఇది గడ్డి మీద బతికేస్తుంది, ఆ దేశపు జింక చిక్కిపోతుంది. అందుకే టెక్సాస్‌లో దుప్పి వేటకి సీజను లేదు, లెక్క లేదు. లైసెన్సు మాత్రం ఉండాలి.